ఏసీలో పెట్టిన పూల టీ

మా కొట్టులో మిర్చి కొనడానికి చైనా నుంచి వచ్చినావిడ వెళ్లబోయే ముందు బల్ల మీద ఒక పొట్లం పెట్టింది. ఆకుపచ్చ రేకు కాగితంలో, లోపల గాలి లేకుండా బిగించి, ఇటుకలా గట్టిగా ఉంది. దాని పక్కన మూత ఉన్న చిన్న పింగాణీ గిన్నె ఒకటి. మా షావుకారు రెండు చేతులా నమస్కారం పెట్టి, ఇదేమిటన్నట్టు ట్రాన్స్‌లేటర్ వైపు చూశాడు.

ట్రాన్స్‌లేటర్ది దర్శి దగ్గర పల్లెటూరు. డాక్టరు చదువుకని చైనా వెళ్లి, చదువు సగంలో వదిలేసి, భాష మాత్రం పూర్తిగా నేర్చుకుని వచ్చిన మనిషి.

"ఊలాంగ్ టీ అండీ. మన టీ ఆకంత నల్లగా మాగనివ్వరు, గ్రీన్ టీ లాగా పచ్చిగానూ వదలరు. మధ్యలో ఆపుతారు. పూలేమీ కలపరు గానీ పూల వాసన వస్తది" అన్నాడు.

"పూలు కలపకుండా పూల వాసన ఎట్టా వస్తదయ్యా?"

"మన మిర్చిలో కారం ఎవరు కలిపారండీ?"

ఆ మాట ఆయన చైనా భాషలోకి మార్చి చెప్పగానే ఆవిడ గట్టిగా నవ్వి, పొట్లం కత్తిరించి, అందరికీ వాసన చూపించింది. మిరియం గింజ కంటే కాస్త పెద్దవి, ముదురాకుపచ్చ ఉండలు. ఒక్కొక్క ఉండా ఒక పూర్తి ఆకట, చేత్తో చుట్టినట్టు బిగిసిపోయి ఉంది. షావుకారు వాసన చూసి "ఆహా" అన్నాడు. కాటా దగ్గరి మనిషి చూసి "అబ్బ" అన్నాడు. పొట్లం నా దగ్గరకు వచ్చింది. ముక్కు పెట్టి గట్టిగా పీల్చాను.

ఏమీ రాలేదు. ఖాళీ డబ్బా వాసన చూసినట్టుంది.

నాకు లెక్క సరిపోకపోతే ఎదుటివాళ్ల అంకె తప్పనుకునే అలవాటుంది. కానీ అక్కడ ఎదుట ఉన్నది షావుకారు. గుమాస్తాని కాబట్టి ఆయన కంటే కాస్త ఎక్కువే మెచ్చుకోవాలి. కళ్లు మూసుకుని, ఆయన "ఆహా" కంటే పొడుగ్గా ఒక "ఆహా" అని, ఊరుకుంటే పోయేదానికి ఒక మాట కలిపాను. "సంపెంగ అండీ."

"నేను మల్లె అనుకున్నానయ్యా" అని షావుకారు మళ్లీ వాసన చూశాడు. "అవునవును, సంపెంగే. దీని విలువ నీకు తెలిసింది. ఇంటికి పట్టుకెళ్లి కాచడం నేర్చుకో. ఎండాకాలంలో ఆవిడ మళ్లీ వస్తది. అప్పుడు నువ్వే కాచి పొయ్యాలి."

అలా నేను టీ నిపుణుణ్ణి అయ్యాను.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. పదో తరగతితో నా చదువు ఆగింది గానీ లెక్క ఆగలేదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో తూకం, తరుగు, తేమ, రంగు పోయిన తాలుకాయ శాతం నోటితో చెప్పేస్తాను. క్యాలిక్యులేటర్ నొక్కేవాళ్లు నొక్కడం అయ్యేలోపు నా జవాబు బయట ఉంటుంది. ఈ విషయంలో నాకు కొంచెం పొగరుందని మా ఆవిడ అంటుంది. కొంచెం అనడం ఆవిడ మంచితనం. లెక్క కాకుండా నాకు ఇంకొక పని ఉంది. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉన్న సరుకు బయటికి తీసినప్పుడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పి బూజు వాసన ఉందో లేదో చెప్పాలి. నేను బాగుందంటే లాటు అమ్మకానికి వెళ్తుంది. బాగాలేదంటే పక్కకు జరుగుతుంది. షావుకారు తిరిగి చూడడు. నా మాటకు ఆ కొట్టులో ఉన్న బరువంతా అదే.

ఈ మధ్య ఎప్పటి నుంచో, పెద్ద జలుబొకటి చేసి తగ్గాక, టిక్కీల్లో నాకు బూజు తగలడం మానేసింది. సరుకు నాణ్యత పెరిగిందనుకున్నాను. రైతులు జాగ్రత్తపడుతున్నారని షావుకారుతో అన్నాను కూడా. తర్వాత అనుమానం వచ్చింది గానీ అనుమానాన్ని పైకి తేలనివ్వలేదు. ముక్కు పోయిందని తెలిస్తే నా మాట పోతుంది. మాట పోతే యార్డులో నేను క్యాలిక్యులేటర్ కంటే కాస్త ఎక్కువ తినే వస్తువుని. అందుకని టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడి చూడడం, కాయ విరిచి చప్పుడు వినడం, తొడిమ దగ్గర రంగు చూడడం, ముఖ్యంగా పక్కన నిలబడ్డ రైతు మొహం చూడడం మొదలుపెట్టాను. బూజు పట్టిన సరుకు తెచ్చిన మనిషి నా మొహం వైపు చూడడు, నా చెప్పుల వైపు చూస్తాడు. ఇదంతా చేసి, చివర్లో ముక్కు దగ్గరికి గుప్పెడు కాయలు తెచ్చి పీల్చినట్టు నటించేవాణ్ణి.

ఇప్పుడీ టీ వచ్చి పడింది.

ఇంటికి తెచ్చాక నాకు తట్టిన మొదటి ఆలోచన, కొట్టులో ఎండాకు చూశాం కాబట్టి వాసన రాలేదు, కాచితే వస్తుంది అని. ట్రాన్స్‌లేటర్ చెప్పిన పద్ధతి ఇది: గిన్నెలో వంద మిల్లీలీటర్ల నీళ్లు పడితే ఐదు గ్రాముల ఆకు. నీళ్లు మరిగి బుడగలు సద్దుమణిగిన వేడిలో ఉండాలి, తొంభై ఐదు డిగ్రీలకు అటూ ఇటూగా. మొదటి నీళ్లు పోసి వెంటనే వంచెయ్యాలి, అది ఆకును లేపడానికి. తర్వాత పోసినవి అర నిమిషం ఉంచి వంచుకుని తాగాలి. అదే ఆకుకు మళ్లీ మళ్లీ నీళ్లు పోయవచ్చు, ప్రతిసారీ కాస్త ఎక్కువసేపు ఉంచుతూ. వంచాక మూత లోపలి వైపు వాసన చూడాలి. పూలన్నీ అక్కడ ఉంటాయట.

ఇన్ని అంకెలున్న వంట నా జన్మలో చూడలేదు. నా కోసమే పుట్టిన పానీయం అనిపించింది. బంగారం కొట్లో వాడే చిన్న కాటా ఒకటి తెచ్చాను. వేడి చూడటానికి ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటరు ముంచాను. అది ఒకసారి కీచుమని తర్వాత ఎవరి జ్వరమూ చెప్పలేదు. మర్నాడు వంటవాళ్లు వాడే పొడుగు పుల్ల థర్మామీటరు తెచ్చాను.

ఆకు విచ్చుకోవడం మాత్రం చూసి తీరాలి. బిగుసుకున్న ఉండలు ఒక్కొక్కటే ఒళ్లు విరుచుకుని, మూడో నీళ్లకల్లా కాడతో సహా పూర్తి ఆకులై, మూతను పైకి నెట్టేస్తాయి. నీళ్లు లేత పసుపు, పెసరపప్పు తేట రంగు. మా ఆవిడ చీరాల నేతపనివాళ్ల ఇంటి ఆడపిల్ల. రంగు చూపించి పేరు చెప్పమంటే ఊళ్లో ఎవరూ ఆవిడ ముందు నిలవరు. కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చూసి, "నీళ్లలో ముంచి పిండిన లేత చిలకపచ్చ" అంది. తర్వాత మూత వాసన చూసి, ఇంకోసారి చూసింది.

"ఏవండీ, విరజాజి మొగ్గలు మధ్యాహ్నం కోసి తడిగుడ్డలో చుట్టిపెడతాం చూడండి. సాయంత్రం ఆ గుడ్డ విప్పేటప్పుడు ఒక్క క్షణం వస్తది. ఆ వాసన."

"సంపెంగ కాదూ?"

"సంపెంగ ఎక్కడిదండీ! సంపెంగ తల మీద కొట్టినట్టుంటది. ఇది చాటునుంచి పిలిచినట్టుంది."

నేను మూత ముక్కుకు ఆనించుకున్నాను. వెచ్చగా ఉంది. తడిగా ఉంది. ఆ రెండూ తప్ప ఇంకేమీ లేదు.

తప్పు నీళ్లదై ఉంటుందని తేల్చాను. మా బోరు నీళ్లలో పప్పే సరిగ్గా ఉడకదు, పూలేం విచ్చుకుంటాయి? మున్సిపాలిటీ నీళ్లతో కాచాను. మినరల్ వాటర్ టిన్ను తెప్పించి కాచాను. తాడేపల్లిలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, విందు భోజనం మధ్యలో వదిలి రేవుకు దిగి రెండు సీసాల కృష్ణ నీళ్లు పట్టుకొచ్చాను. పెళ్లివాళ్లు నాకు ఏదో మొక్కు ఉందనుకుని, చెప్పులు వదిలి దిగమన్నారు. ఇంటికొచ్చి వడగట్టి కాచాను. మా ఆవిడ తాగి, "ఇది అన్నిటికంటే బాగుంది" అంది. నాకు మాత్రం అన్ని నీళ్లూ ఒకటే. గ్రాములు ఐదు నుంచి ఆరు చేశాను, ఏడు చేశాను. వేడి తగ్గించాను, పెంచాను. అర నిమిషాన్ని ముప్పావు నిమిషం చేశాను. ఒక లెక్కలో ఇన్ని అంకెలు మార్చినా జవాబు సున్నాయే వస్తుంటే, గుణించే అంకెల్లో ఒకటి సున్నా అని ఏడో తరగతి పిల్లకైనా తెలుస్తుంది. ఆ సున్నా నా మొహం మధ్యలోనే ఉంది కాబట్టి నాకు కనపడలేదు.

నాలుక మాత్రం నాకు కొంత చెప్పేది. చేదు లేదని, గొంతు దిగాక వెనక్కి తియ్యగా తిరిగొస్తుందని, గంజిలా కాస్త మందంగా ఉందని. మిగతాదంతా మా ఆవిడ దగ్గర అరువు. రెండో నీళ్లకు విరజాజి అని ఆవిడ అంటే, మర్నాడు కొట్టులో నేను "రెండో నీళ్లలో విరజాజి తేలుతుందండీ" అనేవాణ్ణి. నాలుగో నీళ్లకు పాలు కాగిన వాసన, ఆరో నీళ్లకు కోసిన గడ్డి. షావుకారు నోరు తెరుచుకుని వినేవాడు. యార్డులో నా కీర్తి పెరిగింది. ఒక రైతు తన టిక్కీ విప్పుతూ, "సంపెంగ గారూ, కాస్త ఇది చూడండి" అన్నాడు. నేను సంతోషించాను.

ఎండలు ముదిరాక ఒక రోజు మా ఆవిడ, "ఈమధ్య వాసన తగ్గిందండీ, ఆకు పాతబడుతుందేమో" అంది. కొనుగోలావిడ వచ్చే రోజు దగ్గర పడుతోంది. కంగారుపడి ట్రాన్స్‌లేటర్‌కు ఫోన్ చేశాను.

"ఎండలు కదండీ. ఈ రకం ఊలాంగ్ వేడికి తట్టుకోదు. బయట పెట్టకండి, ఏసీలో పెట్టండి" అని, ఎవరో పిలుస్తున్నారని ఫోన్ పెట్టేశాడు.

లోకంలో ఏసీ అంటే గోడకు బిగించే చల్లమిషను. మా యార్డులో ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. ఏసీ సరుకు, ఏసీ రేటు, ఏసీకి పంపావా, ఏసీ నుంచి తీశావా, పొద్దున లేచిన దగ్గర్నుంచి మా నోట్లో నలిగే మాట అది. ఆయన అన్నది ఇంట్లో చల్లగా ఉండే గదిని. నేను ఊరి బయట వేల టిక్కీల మిర్చి పేర్చిన ఏడంతస్తుల చల్లటి చీకటి అని అర్థం చేసుకున్నాను. ఆలోచిస్తే సబబుగానే తోచింది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు రోజుకు ముప్పై సార్లు తెరుస్తాం. అక్కడైతే వేడి ఒక్క డిగ్రీ కూడా కదలదు.

అక్కడితో ఆగినా బాగుండేది. సరుకుకు గాలి ఆడాలి, ఊపిరి సలపకపోతే బూజు పడుతుంది అన్నది మిర్చి మనిషిగా నా ఒంట్లో ఇంకిపోయిన సంగతి. ప్లాస్టిక్ సంచిలో మిర్చి నిల్వ పెట్టినవాణ్ణి మేం మనిషిగా చూడం. అందుకని ఆ రేకు పొట్లం విప్పి, ఆకునంతా ఉతికిన కొత్త గుడ్డసంచిలో పోసి, మూతి వదులుగా కట్టి, కోల్డ్ స్టోరేజీలో మా షావుకారు టిక్కీల మధ్య మంచి జాగా చూసి పెట్టి వచ్చాను. ఆ పని చేసొచ్చిన సాయంత్రం నాకు ఎంతో తృప్తిగా ఉంది.

చైనా ఆవిడ వచ్చిన రోజు సంచి నేరుగా కొట్టుకు తెప్పించాను. షావుకారు కుర్చీలు తుడిపించాడు. చుట్టుపక్కల కొట్లవాళ్లు కూడా చూడటానికొచ్చారు. బల్ల మీద చిన్న కాటా, పుల్ల థర్మామీటరు, తాడేపల్లి నుంచి మళ్లీ తెప్పించిన కృష్ణ నీళ్లు. ఐదు గ్రాములు తూచాను. నీళ్లు తొంభై ఐదుకు రాగానే పోసి, వంచేసి, మళ్లీ పోసి, అర నిమిషం లెక్కపెట్టి కప్పుల్లోకి వంచాను. ముందు మూత నేను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముక్కు లోపల కాస్త చురుక్కుమంది. ఆవిరి వేడి అనుకున్నాను. కళ్లు మూసుకుని చెప్పాను.

"మొదటి నీళ్లకే పూలు లేచాయండీ. విరజాజి. లోపల ఎక్కడో సంపెంగ."

మూత ఆవిడకు అందించాను. ఆవిడ ఎంతో మర్యాదగా వంగి పీల్చి, నాలుగు అడుగులు వెనక్కి తుళ్లి తుమ్మింది. మళ్లీ తుమ్మింది. షావుకారు కంగారుగా మూత లాక్కుని చూసి, దగ్గు పట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. ట్రాన్స్‌లేటర్ ఒక గుటక తాగి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, "ఏందండీ ఇది! టీలో మిర్చి చారు కాచారా?" అన్నాడు.

"మీరే కదా ఏసీలో పెట్టమన్నారు?"

"ఏసీలో... అంటే, కోల్డ్ స్టోరేజీలోనా? దేంట్లో పెట్టారు?"

"గుడ్డసంచిలో. గాలి ఆడాలి కదా."

ఆయన కింద కూర్చుండిపోయి నవ్వాడు. చుట్టూ చేరినవాళ్లంతా నవ్వారు. ఆవిడకు తర్జుమా చేసి చెబితే ఆవిడా తుమ్ముల మధ్య నవ్వింది. టీ ఆకు పక్కనున్న ఏ వాసననైనా దూదిలా పీల్చుకుంటుందట. నేను కూడా నవ్వుతూ నిలబడ్డాను, గండం గడిచినట్టేనని. అప్పుడు ఆవిడ నవ్వు ఆపి, నా వైపు చూసి, ట్రాన్స్‌లేటర్‌తో నెమ్మదిగా ఏదో అంది.

ఆయన చెప్పడానికి తటపటాయించాడు. "మీకు... వాసన తెలియదా అని అడుగుతాందండీ."

షావుకారు దగ్గు ఆపుకుని నా వైపు తిరిగాడు.

"ఏందయ్యా, నీకు ఈ ఘాటు తగల్లేదా?"

"ఆవిరనుకున్నానండీ."

"మరి విరజాజి?"

"మా ఆవిడ చెప్పిందండీ."

"ఎప్పటి నుంచి ఇట్టా?"

చెప్పాను. ఆయన నా మొహం వైపు, తర్వాత గోడకు పేర్చిన టిక్కీల వైపు చూశాడు. "మరి లాట్లు ఎట్టా పాస్ చేశావయ్యా ఇన్నాళ్లూ?" అన్నాడు. గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. తడి, చప్పుడు, రంగు, రైతు మొహం, అన్నీ చెప్పాను. ఒక్క ఫిర్యాదు కూడా తిరిగి రాలేదని కూడా చెప్పబోయాను గానీ, అది నా గొప్పా, అదృష్టమా అన్నది నాకే తేలలేదు. ఆయన అంతా విని, "ముందు డాక్టరు దగ్గరికి పో" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లి మా ఆవిడకు జరిగింది చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరడం ఆపలేదు.

"నాకు తెలుసులెండి."

"ఎట్టా?"

"ఒకరోజు వంటింట్లోంచే కప్పులో పోసి తెచ్చాను గుర్తుందా? అది ఆ టీ కాదు. కొట్లో దొరికే గ్రీన్ టీ, రెండోసారి ముంచింది. మీరు తాగి, ఇవాళ పూలు బాగా పలికాయి అన్నారు."

"చెప్పొచ్చు కదా!"

"చెబితే గ్రాములు మారుస్తారు."

ఈసారి తల ఎత్తి అంది. "పాలు మాడిపోతుంటే పక్క గదిలో పేపరు చదువుకుంటన్నారు మీరు. ఆ రోజు నుంచి నేను బజారుకెళ్తే సిలిండరు కట్టేసి వెళ్తన్నాను. వచ్చేదాకా కాళ్లు నిలవవు నాకు."

యార్డులో అంతమంది నవ్వినప్పుడు పడని సిగ్గు అప్పుడు పడింది. నా మాట విలువ పోతుందేమోనని నేను లెక్కలు కడుతున్న రోజుల్లో, ఈవిడ నా ప్రాణం లెక్కలో వేసుకుని బజారు నుంచి పరుగున వస్తోంది.

డాక్టరు ముక్కులోకి దీపం వేసి చూసి, లోపల వాచి కండలు పెరిగాయన్నాడు. స్ప్రే రాసి, దుమ్ములో గుడ్డ కట్టుకోమని, తగ్గకపోతే ఆపరేషన్ సంగతి చూద్దామని చెప్పాడు. వాసన తిరిగొచ్చే అవకాశం ఎంత శాతం అని అడిగాను. చెప్పలేమన్నాడు. ఉజ్జాయింపుగా అన్నాను. ఉజ్జాయింపుగా కూడా చెప్పలేమన్నాడు. ఇంకోసారి అడగబోతే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లేపింది.

తర్వాత నేను మూతికి గుడ్డ కట్టుకుని కొట్టుకు వెళ్లాను. నా కుర్చీ ఉంటుందో లేదో అన్న ఆలోచనతో వెళ్లాను. కుర్చీ ఉంది. కోల్డ్ స్టోరేజీ నుంచి ఒక లాటు దిగి ఉంది. షావుకారు పంచె ఎగ్గట్టి తనే టిక్కీల ముందు కూర్చుని, గుప్పెడు కాయలు తీసి ముక్కులో దూర్చినంత పని చేస్తున్నాడు. మూడో టిక్కీకే ఆయన కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు. నన్ను చూసి కండువాతో తుడుచుకున్నాడు.

"ఏందయ్యా ఈ పని! రోజుకు ఇన్ని టిక్కీలు ఎట్టా చూశావు నువ్వు?"

"వాసన రాకపోతే తేలికేనండీ."

ఆయన నవ్వబోయాడు, తుమ్మొచ్చింది, రెండూ కలిసి బయటికొచ్చాయి. సర్దుకున్నాక పక్కకు కొంచెం జరిగి, నాకు జాగా చేశాడు. "తడి చూడు" అన్నాడు. నేను మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి, అడుగున చెమ్మ ఉందన్నాను. ఆయన ఆ అడుగు కాయలే తీసి వాసన చూసి, బూజు అన్నాడు. రైతు మా ఇద్దరి చెప్పుల వైపు చూస్తున్నాడు. టిక్కీ పక్కకు జరిపించి, ఇంకోటి విప్పాం.